గురువారానికి ముందు బెలిసారియోకి

ముందు ఒక సంగతి, అక్కడ మంచం ఉండదు.
టీవీలో చూపించే ఆ తోలు మంచం, ఆ గడ్డం డాక్టరు, అవేమీ లేవు.
గడియారం మాత్రం ఉంటుంది,
నీ వీపు వెనక, ఆవిడకి కనబడేట్టు.
తిరిగి తిరిగి చూడకు, మెడ పట్టేస్తుంది.

అలెగ్రె కొండ మీద ఇల్లు. నూట పన్నెండు మెట్లు.
వాల్పరైసోలో పుట్టినందుకు
ఏడవాలన్నా మెట్లెక్కే ఏడవాలి.
ముప్ఫై ఏళ్లు జనాన్ని డబ్బాలో కొండెక్కించినవాడివి,
నీకు మెట్లంటే నామోషీ, తెలుసు.
ఊపిరాడకపోతే పసుపు గోడ దగ్గర ఆగు.
నేను మూడుసార్లు ఆగాను,
రెండుసార్లు అక్కణ్ణుంచే వెనక్కి దిగిపోయాను.

తలుపు తీసే పిల్ల పేరు ఫ్రెసియా.
ఆవిడే డాక్టరు.
మా చిన్నదానికన్నా చిన్నది, ఆ రోజు సాక్సుకి చిల్లు కూడా ఉంది.
ఈ పిల్లకా నేను చెప్పుకోవాల్సింది, అనుకున్నాను.
నువ్వూ అనుకుంటావు. అనుకో.

ఒక కాగితం ఇస్తుంది. పేరు, వయసు, వాడే మందులు, నిద్ర.
అవసరం పడితే ఎవరికి కబురు చెయ్యాలి
అన్న చోట పెన్ను ఆగిపోతుంది.
నా పేరు రాయి.
ఒర్తెన్సియా, పోర్తాలెస్ రేవు, మూడో బల్ల.
ఫోనెత్తకపోతే చేతులు చేపల్లో ఉన్నాయని అర్థం,
మళ్లీ చెయ్యమను.

ఇక్కడి మాట గడప దాటదంటుంది.
ప్రాణం మీదికొస్తే తప్ప, అని కూడా అంటుంది.
ఆ 'తప్ప'ని దాచకుండా చెప్పినందుకే
నాకు ఆమె మీద గురి కుదిరింది.

తర్వాత అడిగింది,
మిమ్మల్ని ఇక్కడికి తీసుకొచ్చిందేమిటని.
బస్సు, అన్నాను.
నవ్వలేదు. రాసుకోనూ లేదు.

ఇక నలభై నిమిషాలు, బెలిసారియో,
నలభై నిమిషాలూ మెర్లూసా చేప ధర గురించే మాట్లాడాను.
ఐసు ధర, డీజిలు ధర, ఎదురు బల్లవాడి దొంగ తూకం.
దొంగ తూకమంటే ఎలా, అని అడిగింది.
పళ్లెం అంచున బొటనవేలు నొక్కి పెడతాడమ్మా అని
ఆమె బల్ల మీదే చూపించాను.
డబ్బు దండగ అనుకుంటూ లేచాను.
గొళ్లెం మీద చెయ్యి పడ్డాక
నా నోరు, నన్నడక్కుండానే,
మా అమ్మ పోయిన రాత్రి
నాకు హాయిగా నిద్ర పట్టింది, అంది.

పదకొండేళ్లు మంచంలో ఉంది అమ్మ. అది నీకు తెలుసు.
ఈ మాట తెలీదు.

పిడుగేం పడలేదు.
ఆ పిల్ల కుర్చీలోంచి కదలలేదు.
వచ్చే గురువారం ఇక్కణ్ణుంచి మొదలెడదామా, అంది,
తెగిన వలకి ఆనవాలుగా ఓ ముడి వేసి పక్కన పెట్టినట్టు.

కాబట్టి, ఆ సాయంత్రం సంగతి
మొదటి రోజే చెప్పక్కర్లేదు,
తాడు బిగుసుకుపోయి డబ్బా కొండ మధ్యలో నిలిచిపోయిన సంగతి,
లోపలున్న ఆ స్కూలు పిల్లల సంగతి.
చక్రాలకి ఏ గ్రీజు మంచిదో చెప్పు.
రేవులోకొచ్చే ఓడల్ని పొగ చూసి పోల్చేవాడివిగా, అది చెప్పు.
భోజనాల దగ్గర నీ కుడిచెయ్యి
బల్ల మీద బ్రేకు కోసం వెతుక్కుంటుందే,
దాన్ని ఆమె చూస్తుంది.
చూడనీ. జేబులో దాచకు.

ఏడుపు రాకపోతే తప్పేం కాదు.
వస్తే కాగితం రుమాళ్లున్నాయి, గరుకువి,
నీది నువ్వు తీసుకెళ్లు.
బయటికొచ్చాక తేలిగ్గా ఉంటుందని ఎవరో చెప్పే ఉంటారు.
అబద్ధం.
పడవెడు సరుకు ఒక్కదాన్నే దింపినట్టు
ఒళ్లంతా నొప్పులు. ఆకలి మాత్రం దంచేస్తుంది.

మెట్లు దిగి నేరుగా నా బల్ల దగ్గరికి రా.
ఏం జరిగిందని అడగను.
అడుగుతానేమో కూడా. చెప్పకు.
కాంగ్రియో చేపొకటి పక్కన పెట్టి ఉంచుతాను,
తూకం వెయ్యకుండా.